అద్దె గోడ మీద సొంత గొప్ప

షార్జాలో మా ఆఫీసు. మధ్యాహ్నం ఒంటిగంటకు పాంట్రీలో మైక్రోవేవ్ ముందు క్యూ. ఒక్కో డబ్బా వేడెక్కడానికి రెండు నిమిషాలు, క్యూలో ఏడుగురం. ఈ పద్నాలుగు నిమిషాల్లో ఎవరి దేశం గొప్పదో తేలిపోవాలి. తేలదు. మర్నాటికి వాయిదా పడుతుంది. పదిహేడేళ్ళుగా వాయిదాలే.

ఈజిప్టు అకౌంటెంటుతో ఎవరం పెట్టుకోం. అతను వాదించడు. డబ్బా మూత తీస్తూ "నాలుగువేల అయిదువందల ఏళ్ళు" అంటాడు, అంతే. గీజా పిరమిడ్ వయసది. బస్సులో రెండువేల నోటు తీసినవాణ్ణి చూసినట్టు చూస్తాం. మా ఎవరి దగ్గరా దానికి సరిపడా చిల్లర లేదు. సిరియా ఇంజినీరు ఒకప్పుడు పాల్మీరా గురించి గంటలు మాట్లాడేవాడట. 2015లో ఐసిస్ వాళ్ళు అక్కడి బేల్ గుడిని పేల్చేశాక, ఈ ప్రస్తావన వస్తే టీకప్పు పట్టుకుని బయటికి వెళ్ళిపోతాడు. ఫిలిప్పీన్స్ అమ్మాయి కొండల మీద మెట్లుమెట్లుగా ఉన్న వరిమళ్ళ ఫోటో చూపిస్తే "వరి మాకూ ఉందిలే" అన్నాను ఒకసారి. ఆ రోజు అన్నం మెతుకు గొంతులో అడ్డం పడింది. దేవుడున్నాడు.

అసలు పోరు నాకూ, లాహోరు నుంచి వచ్చిన సేల్స్ మేనేజరుకూ. అతను మొహంజోదారో తనదంటాడు. నేను నాదంటాను. నేలనిబట్టి అతనిది, నోటినిబట్టి నాది. దేశం చీలాక మన పెద్దలు ఈ తగవును ఎంత శాస్త్రీయంగా తీర్చారంటే, నాట్యం చేసే కంచుపిల్ల ఢిల్లీకి, గడ్డం ఉన్న రాతి పూజారి కరాచీకి. అక్కడ దొరికిన నగలను సైతం వదల్లేదు, హారాల పూసలు విప్పి వాటా వేసుకున్నారు. అత్త చచ్చిన పదోరోజు తోడికోడళ్ళు పంచుకున్నట్టు. నాలుగువేల ఏళ్ళు మట్టిలో చెక్కుచెదరని దండ, ఇద్దరన్నదమ్ములు బయటికి తీసిన పాతికేళ్ళకే తెగింది.

తర్వాత కోహినూరు. "అది మాదే, రంజిత్ సింగ్ కొడుకు దగ్గర లాహోరులో ఉండగా 1849లో దొరలు పట్టుకుపోయారు" అంటాడతను. 1976లో భుట్టో బ్రిటన్‌కు ఉత్తరం రాసి అడిగాడు కూడా. "నీ దగ్గరికి రాకముందు ఎక్కడ పుట్టిందయ్యా? మా కృష్ణ ఒడ్డున, కొల్లూరులో" అంటాను. ఆ కొల్లూరు ఇప్పుడెలా ఉందని అతనింతవరకు అడగలేదు. అడిగితే చెప్పాల్సి వస్తుంది, పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉందని. వజ్రం లండన్‌లో, గని నీళ్ళలో, గొప్ప నా దగ్గర.

నాది హనుమకొండ. అయినా నోరు తెరిస్తే ముందు ఊడిపడేది తాజ్‌మహలే. ఆగ్రా మా ఊరికి వెయ్యి కిలోమీటర్ల పైమాటే. మా తాత దానికి సున్నం మోయలేదు, మా నాయన దాన్ని చూడలేదు, నేను చూసింది బిస్కెట్ డబ్బా మీద. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటారే, అది. ఇంట్లో ఉన్నన్నాళ్ళు ఉత్తరాది వాళ్ళు మనల్ని పట్టించుకోరని తిట్టుకుంటాం. దుబాయి విమానం దిగగానే షాజహాను మన మేనమామ అవుతాడు.

ఒకరోజు ఎందుకో తాజ్‌ను పక్కనపెట్టి రామప్ప ఎత్తుకున్నాను. దంచేశాను. 1213లో కట్టారన్నాను. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడన్నాను. కట్టించిన రాజు పేరు కాకుండా చెక్కిన శిల్పి పేరుతో పిలిచే గుడి లోకంలో ఎక్కడైనా ఉందా అన్నాను. నీళ్ళలో తేలే ఇటుకలతో గోపురం, ఇసుక నింపిన పునాది, ఎనిమిది వందల ఏళ్ళ కిందటే ఎత్తు మడమల చెప్పులేసుకున్న ఆడపిల్ల శిల్పం! ఫిలిప్పీన్స్ అమ్మాయి తన హీల్స్ వంక చూసుకుంది. 2021 జులై 25న యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిందని చెప్పి, మా ఇంటికి ఎంతో దూరం కాదు, డెబ్బై కిలోమీటర్లుంటుందంతే అని ముగించాను. ఈజిప్టు అతను కూడా తల ఊపాడు. పదిహేడేళ్ళలో మొదటిసారి.

అంతవరకు మూల కూర్చుని ఖర్జూరాలు తింటున్న మా ముదీర్, అంటే మా పైఅధికారి, తలెత్తాడు. ఇక్కడి మనిషే, అరబ్బు. హిందీ నాకంటే బాగా మాట్లాడతాడు. సినిమాలు చూసి నేర్చుకున్నాడు కాబట్టి వ్యాకరణం చక్కగా ఉంటుంది.

"నువ్వు చూశావా?" అన్నాడు.

"ఏమిటి సార్?"

"ఆ గుడి."

మైక్రోవేవ్ టింగుమంది. నా డబ్బాయే. ఎనిమిదో తరగతిలో బడివాళ్ళు తీసుకెళ్ళారు, ఆ వారం నాకు మలేరియా వచ్చింది. తర్వాత ఇంటర్ అన్నారు, తర్వాత దుబాయి అన్నారు. సెలవుకు వెళ్ళిన ప్రతిసారీ అనుకుంటాం, పెళ్ళిళ్ళూ ప్లాట్ల రిజిస్ట్రేషన్లూ అయ్యేసరికి తిరుగు టిక్కెట్టు తేదీ వచ్చేస్తుంది. ఇవన్నీ అతనికి చెప్పలేదు. "చూడకుండా ఎలా ఉంటాను సార్" అన్నాను. ప్రశ్నకు ప్రశ్నే జవాబు. మనవాళ్ళు అబద్ధం ఆడరు, ఇలా అడుగుతారు.

పెరటి చెట్టు మందుకు రాదు. గల్ఫ్‌కు ఎగుమతి చేస్తే మాత్రం సర్వరోగ నివారిణి. 2024లో తెలంగాణ రాజముద్రలోంచి కాకతీయ తోరణాన్నీ చార్మినార్‌నూ తీసేస్తారని వార్త వచ్చినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు నిప్పులు కురిశాయి. ఆ తోరణం కింద మా అన్నయ్య కొడుకు తన ప్రియురాలి పేరు రాయితో గీకి వచ్చాడని గ్రూపులో అందరికీ తెలుసు. పెళ్ళి వేరే అమ్మాయితో అయింది కాబట్టి ఆ విషయం ఎవరూ ఎత్తరు. చారిత్రక కారణాలు.

ఇక పంద్రాగస్టు. ఆ సాయంత్రం షార్జా నుంచి దుబాయికి అల్ ఇత్తిహాద్ రోడ్డు మీద ఎక్కిన కార్లన్నీ మనవే. ఆఫీసులో ఎర్రగా కళ్ళురిమే సూపర్‌వైజర్లు కూడా ఆ రోజు కాషాయం చొక్కాలో ఉంటారు. ఎనిమిదివందల ఇరవై ఎనిమిది మీటర్ల బుర్జ్ ఖలీఫా మీద మూడు రంగులు వెలుగుతాయి, కింద మనం ఫోన్లెత్తి నిలబడతాం. ఎర్రకోట మీద ఎగిరిన జెండాను టీవీలో చూస్తూ ఇడ్లీ తిన్న మనిషే, ఇక్కడ ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ బిల్డింగు మీద అదే జెండా చూసి కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు. మన జెండా మన కోట మీద ఎగిరితే సెలవు. పరాయి టవరు మీద వెలిగితే చరిత్ర.

2023లో ఆగస్టు పద్నాలుగు అర్ధరాత్రి లాహోరు మిత్రుడి దేశస్థులు అక్కడ గుమిగూడి అంకెలు లెక్కపెట్టారు. పది, తొమ్మిది, ఎనిమిది... సున్నా. టవరు చీకటిగానే ఉంది. ఆ వీడియో మా గ్రూపుకు పదకొండు మార్గాల్లో వచ్చింది. మా ఇంట్లో స్వీట్లు పంచలేదు గాని, పంచినంత పని అయింది. తర్వాత వాళ్ళ జెండా కూడా వెలిగిందనీ, టవరు వాళ్ళు దాన్ని పోస్టు చేశారనీ వచ్చిన వార్త మాత్రం మా గ్రూపుకు దారి తప్పింది. మర్నాడు మనది వెలిగినప్పుడు మా పక్క ఫ్లాటు ఆయన స్టాప్‌వాచ్ పెట్టి ఎన్ని సెకన్లుందో రాసుకున్నాడు. స్వాతంత్ర్యానికి ఆయన దగ్గర రికార్డుంది.

అంతకు రెండేళ్ళ ముందు, 2021 అక్టోబరు 23న, బతుకమ్మ కూడా ఎక్కింది. తంగేడు, గునుగు, బంతి, అన్నీ ఎల్ఈడీ. ఏ.ఆర్. రెహమాన్ పాట. చివర జై హింద్, జై తెలంగాణ. నేను వీడియో తీసి ఊళ్ళో ఉన్న మా పెద్దమ్మకు పంపాను. ఆమె ఫోన్ చేసి అడిగిన మొదటి మాట: "మంచిగున్నది గని బిడ్డా, నిమజ్జనం యాడ జేసిన్రు?"

నీళ్ళకు కరువేం లేదు. ఎడారిలో ఆ టవరు కింద ముప్పై ఎకరాల చెరువు తవ్వారు. మా వాడకట్టులో బతుకమ్మను వదిలే కుంట ఉండేది. దాంట్లో ఇప్పుడు రెండు వందల గజాల ప్లాట్లు. ఒకటి నాదే, ఇక్కడ్నుంచి పంపిన దిర్హాములతో కొన్నదే. కాబట్టి ఆ విషయం పెద్దమ్మతో ఎక్కువ సాగదీయలేదు.

దిర్హామంటే గుర్తొచ్చింది. ముదీర్‌ను ఒకసారి ఇరుకున పెడదామని, "సార్, ఒకప్పుడు మీ దేశంలో మా రూపాయే నడిచేది తెలుసా?" అన్నాను. "తెలుసు, 1959లో మీ రిజర్వ్ బ్యాంకు మా కోసం వేరే నోట్లు కూడా అచ్చేసింది" అన్నాడు. దుబాయిలో 1909లో తెరిచిన పోస్టాఫీసు కూడా మీ తపాలా శాఖదేనని నాకు తెలియని ముక్క ఒకటి కలిపాడు. నా ఛాతీ అరంగుళం పెరిగింది. "మరి ఎందుకు వదిలేశారు సార్?" "1966 జూన్‌లో మీరు రూపాయి విలువ మూడో వంతు పైగా తగ్గించారు. మా తాత పెట్టెలో దాచుకున్న డబ్బు ఒక్క రాత్రిలో చిక్కిపోయింది." పెరిగిన అరంగుళం వెనక్కి తీసుకున్నాను.

అయితే మన దేశభక్తిలో ఒక చిన్న లొసుగుంది, అది ముదీర్‌కు తెలియదు. పంద్రాగస్టు రాత్రి టవరు కింద జై హింద్ అన్నవాళ్ళమే, పదహారో తేదీ పొద్దున్నే ఎక్స్ఛేంజీ యాప్ తెరిచి రూపాయి ఎంత పడిందని చూస్తాం. పదిపైసలు పడితే ముఖం వికసిస్తుంది. పావలా పడితే ఇంటికి ఫోన్ చేసి "ఇయ్యాల పంపుతున్నా" అంటాం. రూపాయి కాస్త కోలుకుంటే దిగులు. నేను వచ్చినప్పుడు దిర్హాముకు పన్నెండు, పదమూడు రూపాయలుండేవి. ఇప్పుడు ఇరవై దాటి చాలాకాలమైంది. మా ఇంటి పైఅంతస్తు ఆ తేడాలోనే లేచింది. భరతమాత కాస్త కుంటితే మా స్లాబు పడుతుంది. జెండాకు సెల్యూట్, రూపాయికి మొక్కు, మొక్కులో కోరిక మాత్రం బయటికి చెప్పుకోలేనిది.

ఇంతకీ ఈ దేశానికి చరిత్ర లేదనేది మన తెలుగువాళ్ళ స్థిర నిశ్చయం. "వీళ్ళకేముందండీ, పెట్రోలు పడకముందు ఇసకే" అనే మాట నేను ఎక్కడ విన్నానో చెబుతాను. అల్ ఐన్ దగ్గర జెబెల్ హఫీత్ కొండ కింద. డిసెంబరులో నలభై కుటుంబాలం పిక్నిక్‌కు వెళ్ళాం. రాళ్ళు పేర్చిన గుమ్మటంలాంటి దాని నీడ చూసుకుని చాప పరిచాం. పులిహోర, దద్దోజనం, పేపరు ప్లేట్లు. ఆ మాటన్న పెద్దమనిషి గుమ్మటానికి వీపు ఆనించి కూర్చుని, ఆవకాయ చేతిని పక్క రాయికి తుడుచుకుంటూ అన్నాడు. సోమవారం ఆఫీసులో ఫోటోలు చూపించాను. ముదీర్ ఒక్కొక్కటే జరుపుతూ ఆ ఫోటో దగ్గర ఆగాడు. "అయిదు వేల ఏళ్ళ నాటి సమాధి" అన్నాడు. 2011లో అల్ ఐన్‌తో కలిపి యునెస్కో గుర్తించిన వాటిలో అదొకటట. పిరమిడ్డుకంటే పాతది. ఈజిప్టు అతను డబ్బా మూత పెట్టేశాడు.

నాకు ఆ రోజంతా ఒక్కటే దిగులు. అయిదు వేల ఏళ్ళ రాయి మీద నూనె మరక పోతుందా, పోదా? పురావస్తువాళ్ళు ఎప్పటికైనా తీసి పరీక్షిస్తే, కంచు యుగంలో ఇక్కడివాళ్ళు గుంటూరు మిరప వాడారని రాసేస్తారేమో.

ముత్యాల సంగతి ఇంకా అన్యాయం. ముదీర్ తండ్రిని వైద్యానికి హైదరాబాదు తీసుకెళ్ళి వచ్చాడు. వచ్చి ఒక వెల్వెట్ పెట్టె తెరిచి చూపించాడు, భార్యకు చార్మినార్ దగ్గర కొన్న హారం. "అసలైన హైదరాబాదు ముత్యాలు, తరతరాలుగా మావే అని షాపు వాడు చెప్పాడు" అన్నాడు. నేను గర్వంగా తల ఊపాను. అతను పెట్టె మూసి, "మా ముత్తాత ముత్యాలు తీసేవాడు" అన్నాడు. ముక్కుకు ఎముక క్లిప్పు, కాలికి రాయి, నడుముకు తాడు. ఎండాకాలం నాలుగు నెలలు పడవ మీదే. వాళ్ళు ఊపిరి బిగబట్టి తెచ్చినవి బొంబాయి వెళ్ళేవి, అక్కణ్ణుంచి బస్రా ముత్యాలని పేరు పెట్టుకుని నిజాం దాకా పోయేవి. జపాన్ వాడు ముత్యాన్ని పెంచడం నేర్చాక, 1930ల్లో ఈ తీరమంతా పస్తులుంది. "మా ముత్తాత మునిగి తీసినదాన్ని మీ వాడు నాకే మీ ఊరిదని అమ్మాడు" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. ఇప్పుడు చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టీలో అమ్మే ముత్యాల్లో ఎక్కువభాగం చైనా మంచినీటి చెరువుల్లో పెంచినవన్న సంగతి అతనికి ఎలా చెప్పను? చెబితే అతని ముత్తాతా పోతాడు, నా చార్మినారూ పోతుంది. రెండు దేశాల స్నేహం దృష్ట్యా ఊరుకున్నాను.

మొన్న పంద్రాగస్టుకు నాతో కారులో ఒక తమ్ముడు వచ్చాడు. సోనాపూర్ క్యాంపులో ఉంటాడు. బంగారుపూర్ అని పేరు పెట్టారు గాని అక్కడ బంగారం వేసుకున్న మనిషిని నేను చూడలేదు. మావాడే, పాలంపేట దగ్గర ఊరు. షట్టరింగు పని. మొదటిసారి వచ్చినప్పుడు ఆ టవరు పనిలోనే ఉన్నాడు, 2006 నుంచి మూడేళ్ళు. ఆ ఏడాది మార్చిలో షిఫ్టు దిగిన కూలీలు బస్సులు రాక విసిగి అక్కడ గొడవ చేస్తే ప్రపంచమంతా పేపర్లలో పడింది. "నువ్వున్నవా?" అంటే "నాది రాత్రి షిఫ్టు అన్న" అంటాడు. అంతకుమించి రాబట్టలేం.

టవరు వెలిగింది. కాషాయం, తెలుపు, పచ్చ. నా చుట్టూ కేకలు. నేను ఫోన్ ఎత్తి, "జూడు తమ్మీ, ఎట్లున్నది మన జెండా" అన్నాను.

"జూస్తున్న అన్న. గా తెల్లది అయిపోయి పచ్చ షురువైతది జూడు, గక్కడ నా టిఫిను డబ్బ వోయింది."

"ఏ డబ్బా?"

"స్టీలుది, మూడు గిన్నెలది. అవ్వ పేరు కొట్టిచ్చి ఇచ్చింది. రాత్రి కాంక్రీటు వోసేటప్పుడు పక్కకు వెట్టిన. తెల్లారి జూస్తే లేదు. ఎవడన్న తీసిండో, గోడలనే వడ్డదో." కాసేపాగి, "ఎండకాలం కాంక్రీట్ల ఐసు గలిపి వోసేటోళ్ళం అన్న. ఎండకు పగుల్తదట. మస్తు మర్యాద దానికి" అన్నాడు.

అతను ఫోటో తీసుకోలేదు. నన్ను తీయమంటే నావి పన్నెండు తీశాడు, అన్నింట్లో నా తల ఉంది, టవరు సగమే ఉంది. పైకి ఎప్పుడైనా టిక్కెట్టు కొని వెళ్ళావా అంటే, "పైకి వోయేటందుకు పైసలిచ్చేటోళ్ళు గద అప్పుడు, ఇప్పుడు నేనిచ్చుడేంది?" అన్నాడు. ఆర్థికశాస్త్రంలో దీనికి జవాబుందేమో, నాకు తట్టలేదు.

వెనక్కి వస్తూ మా ఇంట్లో టీకి ఆగాం. ముదీర్ హైదరాబాదు నుంచి నాకూ ఒకటి తెచ్చాడని చెప్పడం మరిచాను. తండ్రికి పరీక్షల మధ్య రెండు రోజులు ఖాళీ దొరికితే, నేను పాంట్రీలో అంత చెప్పానని కారు మాట్లాడుకుని వరంగల్ మీదుగా రామప్ప వెళ్ళి చూసి వచ్చాడు. గుడి బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్ తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు చెప్పినదానికంటే బాగుంది" అన్నాడు. దాన్ని బుర్జ్ ఖలీఫా మాగ్నెట్ పక్కన అంటించాను. ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చూపిస్తున్నాను.

తమ్ముడు నీళ్ళకని ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి అక్కడే నిలబడ్డాడు. ముఖమంతా వెలిగింది. టవరు ముందు అంత వెలగలేదు.

"అన్నా, ఇది మా రామప్ప గద! మా బాపు పొలానికి ఆ చెరువు నీళ్ళే. చిన్నప్పుడు బర్లను గక్కడనే ఇడిసిపెట్టేది. నువ్వెప్పుడు వోయినవే?"

"మొన్ననే" అన్నాను.

వంటింట్లో మా ఆవిడ గిన్నె కాస్త గట్టిగానే దించింది.

"గట్లనా! నందిని జూసినవా మల్ల? ఇగ లేస్తదా అన్నట్టు చెవులు రిక్కిచ్చి ఉంటది సూడు. ఏ చెవు ఇరిగింది అన్న, కుడిదా, ఎడమదా? నాకు యాదికొస్తలేదు."

"చాయ్ చల్లారిపోతుంది తమ్మీ" అన్నాను.